ఎఫ్‌పీజీఏ కోసం అప్పు చేసి కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్) డిజైన్‌లో స్థిరపడాలని ఉంది. డిజైన్‌ను ఆ చిప్‌లోకి ఎక్కించే ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వివాడో నా ల్యాప్‌టాప్‌పై సరిగా నడవదు. ల్యాబ్‌లోని ఉమ్మడి సర్వర్‌పై బిల్డ్ (ఆ మార్పిడి) చేస్తే గంటల తరబడి ఆగాల్సి వస్తోంది. అప్పు చేసైనా మంచి కంప్యూటర్ కొనుక్కోవాలా?

జవాబు: వద్దు, అప్పు ఆలోచన మానుకోండి. మీకు అందుబాటులో ఉన్న సర్వర్‌పై పని నేర్చుకోవడమే ఈ రంగంలో మీకు పెద్ద పెట్టుబడి. చిప్ డిజైన్ చేసే సంస్థల్లోనూ భారమైన బిల్డ్‌లు ఉమ్మడి సర్వర్లపైనే నడుస్తాయి.

ఆలస్యానికి కారణం ఉంది. వేలు, లక్షల లాజిక్ భాగాల్లో ఏది ఎక్కడ కూర్చోవాలో, వాటి మధ్య సిగ్నల్ ఏ దారిన వెళ్లాలో ప్లేస్ అండ్ రూట్ దశలో టూల్ వెతుక్కుంటుంది. పెద్ద చిప్‌లకైతే పదుల గిగాబైట్ల ర్యామ్ కావాలి. నలుగురు ఒకేసారి మొదలుపెడితే మెమరీ చాలక ఎవరిదో ఒకరి బిల్డ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. అందుకే ముందు సర్వర్‌పై ఎంత మెమరీ ఖాళీగా ఉందో చూసి మొదలుపెట్టండి.

అంతకన్నా ముఖ్యం, సిమ్యులేషన్ చేయని, అంటే చిప్ లేకుండా కంప్యూటర్‌లోనే నడిపి చూడని డిజైన్‌ను సర్వర్‌కు పంపకండి. అందుకు వాడే వెరిలేటర్, జీహెచ్‌డీఎల్ ఉచితం, మీ ల్యాప్‌టాప్‌పైనే నడుస్తాయి. కౌంటర్ ఒక క్లాక్ ముందే ఆగిపోతోందన్న సంగతి టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌ను పరీక్షించేందుకు రాసే కోడ్‌లో) క్షణాల్లో దొరుకుతుంది. దాన్ని బోర్డుపై పట్టుకోవాలంటే ఒక పూట పోతుంది, తోటివారి వంతు కూడా పోతుంది.

బిల్డ్ మొత్తాన్ని వివాడో ఆదేశాల భాష టీసీఎల్‌లో స్క్రిప్టుగా రాసి, బ్యాచ్ మోడ్‌లో (కిటికీలు తెరవకుండా, దానంతటదే నడిచేలా) నడపండి. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌ను వాడుకునే పద్ధతి) లాగిన్ అయ్యాక, సర్వర్‌పై పనిని నడుస్తూ ఉంచే టీమక్స్‌లో మొదలుపెడితే నెట్ తెగినా పని ఆగదు. బిల్డ్ చివర తయారైన బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి ఎక్కించే) ఫైలును తెచ్చుకుని బోర్డులోకి ఎక్కించడానికి ల్యాప్‌టాప్‌పై వివాడో ల్యాబ్ ఎడిషన్ చాలు.

చాలామంది విద్యార్థులు తెరవకుండా వదిలేసేది టైమింగ్ రిపోర్టు, అంటే సిగ్నళ్లు గడువులోగా చేరుతున్నాయో లేదో వివాడో చెప్పే నివేదిక. ఉదాహరణకు క్లాక్ 100 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో క్లాక్‌కు 10 నానోసెకన్లు. రిపోర్టులో వరస్ట్ నెగెటివ్ స్లాక్ (అన్నిటికన్నా ఇబ్బందికరమైన దారిలో గడువుకు మిగిలిన సమయం) మైనస్ 0.3 నానోసెకన్లు అని ఉంటే, ఏదో ఒక దారిలో సిగ్నల్ అంత ఆలస్యంగా చేరుతోందన్నమాట. అయినా వివాడో హెచ్చరించి ఊరుకుంటుంది, బిట్‌స్ట్రీమ్ తయారవుతుంది. బోర్డు ఇవాళ పనిచేసినా, వేడెక్కితే తప్పులు చూపించవచ్చు. ఆ దారి ఏదో గుర్తించి, మధ్యలో ఒక రిజిస్టర్ (సిగ్నల్‌ను తర్వాతి క్లాక్ వరకు పట్టి ఉంచే భాగం) చేర్చి సరిదిద్దడం సాధన చేయండి. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు చెప్పుకోదగ్గ పని అదే.

కోడ్‌లోని మార్పులను భద్రపరిచే గిట్‌లో సోర్స్ కోడ్, టెస్ట్‌బెంచ్, కన్‌స్ట్రెయింట్ ఫైలు (క్లాక్ వేగం, చిప్ పిన్నుల వివరాలుండేది), బిల్డ్ స్క్రిప్టు ఉంచండి. టూల్ సృష్టించే ఫోల్డర్లు అక్కర్లేదు, సర్వర్ డిస్క్ నిండకుండా వాటిని ఎప్పటికప్పుడు తీసేయండి.