కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకే ఎక్కువ తెలుసు

ప్రశ్న: బీకాం చదివాను. తాడేపల్లిగూడెంలో ఒక నెట్ సెంటర్‌లో అప్లికేషన్లు నింపే పని చేస్తున్నాను. యూట్యూబ్ చూసి ఫిగ్మా (స్క్రీన్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, ఒక ఫుడ్ డెలివరీ యాప్, ఒక మ్యూజిక్ యాప్ రీడిజైన్ చేసి పోర్ట్‌ఫోలియో పెట్టాను. ఎక్కడి నుంచీ పిలుపు రావట్లేదు. డిజైన్ డిగ్రీ, కోడింగ్ లేకపోతే యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు తేలిగ్గా ఉండేలా డిజైన్ చేసే) ఉద్యోగం రాదా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: అడ్డం పడుతున్నది డిగ్రీ కాదమ్మా, ఆ రెండు యాప్‌లు. మా టీములోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో సగానికి సగం అవే. రంగు మారుస్తారు, మూలలు గుండ్రంగా చేస్తారు. ఎవరికి ఏం ఇబ్బందైతే మార్చారో ఒక్క ముక్క ఉండదు. ఉత్త స్క్రీన్లు గీయడం ఇప్పుడు ఏఐ కూడా చేసేస్తోంది.

మీరు రోజంతా కూర్చునే ఆ కుర్చీ కోసం మేం కంపెనీ డబ్బు పెట్టి ఊళ్లు తిరుగుతాం! ఫారంలో ‘ఫస్ట్ నేమ్’ గడి దగ్గర ఎంతమంది ఆగిపోతారో మీకు తెలియంది కాదు. మనకు ఇంటిపేరు ముందు. ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా, పాన్‌లో మరోలా ఉంటుంది. ఎవరు ఎక్కడ ఆగారు, మిమ్మల్ని ఏమడిగారు, మీరేం చెబితే ముందుకెళ్లారు, అన్నీ నోటుబుక్కులో రాయండి. పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం వద్దు. ఆ ఒక్క ఫారాన్నే మళ్లీ డిజైన్ చేసి, కొత్త మనుషుల చేత నింపించండి. ఒక విడతకు 5గురు చాలని యూఎక్స్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. వాళ్లు తడబడుతుంటే మీరు నోరు మెదపకూడదు. నెట్ సెంటర్ అలవాటు కదా, మీకు అదే కష్టం.

ఊరికే నిలబడి చూస్తే ఏం తెలుస్తుందో చెబుతా. పేమెంట్ అయ్యాక ఫోన్‌లో వచ్చే టిక్ మార్కు ఎంత పెద్దగా ఉండాలని మా ఆఫీసులో ఒకసారి పెద్ద వాదన. కూకట్‌పల్లిలో ఒక కిరాణా కొట్టు దగ్గర నిలబడి చూశాను. కస్టమర్ ఫోన్ చూపిస్తున్నా కొట్టాయన తలెత్తలేదు. బల్ల మీది సౌండ్‌బాక్స్ పలికాకే పప్పు పొట్లం ఇవతలికి జరిపాడు. టిక్ మార్కు వాదన ఆ రోజుతో సరి.

ఆ ఫారం తెలుగులోనూ చేయండి. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ హైట్‌లోనే (వరుస ఎత్తులోనే) తెలుగు ఇరికిస్తే ‘లక్ష్మి’కి పైన గుడి, కింద వత్తులు తెగిపోతాయి. ఇది సరిచేసి చూపించే పోర్ట్‌ఫోలియోలు నాకు బహు అరుదుగా వస్తాయి.

కోడింగ్ రాయక్కర్లేదు, డెవలపర్ చెప్పేది అర్థమైతే చాలు. ఇంగ్లీషులో కేస్ స్టడీ, అంటే ఎవరికి ఏం ఇబ్బంది, మీరేం మార్చారు, ఏమైంది అన్నది రాయడం మాత్రం తప్పదు. డిగ్రీ కావాలనే ఉంటే, ఐఐటీ బాంబే నిర్వహించే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED)కు మూడేళ్ల బీకాం సరిపోతుంది, వయోపరిమితి లేదు. ఆ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్‌లో కూడా ఎం.డిజైన్‌కు అప్లై చేయొచ్చు.

ప్రశ్న: మా బుకింగ్ యాప్‌లో ఇన్సూరెన్స్ టిక్ ముందే పెట్టి ఉంచమని మేనేజర్ పట్టుబడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక డిజైనర్, హైదరాబాద్

జవాబు: నీతులు చెబితే వినరు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 డార్క్ ప్యాటర్న్‌లున్నాయి, అంటే కస్టమర్‌ను మభ్యపెట్టే డిజైన్లు. కస్టమర్ ఒప్పుకోకుండా బిల్లులో ఇంకోటి కలపడం అందులో ఒకటి. పేరు బాస్కెట్ స్నీకింగ్. ఆ కాపీ జతచేసి, లీగల్ వాళ్లను కూడా కలిపి, ‘దీనికి మీ ఆమోదం కావాలి’ అని మెయిల్ పెట్టండి. లీగల్ వాళ్లు మెయిల్లో కనిపిస్తే ఇలాంటి టిక్కులు చాలావరకు వాటంతటవే పోతాయి.