ఏర్పాటు గురించి బోధించబోతున్న మేనల్లుడికి

చిన్నా,

ప్రభువు నామంలో వందనాలు.

సంక్రాంతి వెళ్లాక యవ్వనస్థుల కూడికలో ఐదు శనివారాలు కృపా సిద్ధాంతాలు, అంటే ఎవరిని రక్షించాలో దేవుడే ముందుగా ఎన్నుకున్నాడనే ఏర్పాటూ దానితో వచ్చే బోధలూ, చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా గర్వంగా ఉంది నాన్నా. ఏడేళ్లప్పుడు సండేస్కూల్లో ఎఫెసీ రెండో అధ్యాయం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లాడివి, ఇప్పుడు దాన్నే పదిమందికి విప్పి చెప్పేవాడివయ్యావు. కానీ సంతోషం వెనకాలే దడ కూడా పట్టుకుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకో.

ముందు చిన్న విషయాలు. పాస్టరుగారినీ సంఘపెద్దలనూ అడిగి మొదలుపెట్టు. నలభై నిమిషాలు చెప్పు, ఇరవై నిమిషాలు ప్రశ్నలకు వదులు. ప్రశ్నలు పేరు లేని చీటీల మీద రాయించు, గుండెలో నలిగేదాన్ని నలుగురిలో ఎవరూ అడగరు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ చర్చ పెట్టొద్దు.

ఈ బోధలోని ఐదు అంశాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చే ట్యూలిప్ అనే మాటలోని ఐదు అక్షరాలకు ఐదు వారాలని లెక్కేసుకున్నావట. ఆ లెక్క మార్చుకో. ఆ ఐదు అంశాల జాబితా, ఈ బోధకు పేరుపడ్డ సంస్కర్త కాల్విన్ రాసింది కాదు. ఆయన 1564లోనే పోయాడు. 1610లో, కృపను అంగీకరించడమో కాదనడమో మనిషి చేతిలోనే ఉందన్న డచ్చి పండితుడు అర్మీనియస్ అనుచరులు ఐదు అభ్యంతరాలు రాసిస్తే, నెదర్లాండ్స్‌లోని డార్ట్ అనే ఊళ్లో సంఘాల మహాసభ 1618 నవంబరు నుంచి 1619 మే దాకా కూర్చుని వాటికి జవాబు చెప్పింది. వాదనకు జవాబుగా పుట్టిన వరస పాఠం చెప్పడానికి సరిపోదు. 1559 నాటి తన ‘ఇన్‌స్టిట్యూట్స్’ గ్రంథంలో కాల్విన్ ఏర్పాటును మూడో భాగం 21 నుంచి 24 అధ్యాయాల్లో పెట్టాడు. అప్పటికే విశ్వాసం, మారుమనస్సు, నీతిమంతులుగా తీర్చబడటం, ప్రార్థన అన్నీ చెప్పేశాడు. డార్ట్ తీర్మానాలూ అంతే. మొదటి అధ్యాయం ఒకటో అంశంలో అందరూ పాపులే అంటుంది, రెండో దాంట్లో దేవుడు కుమారుణ్ని పంపిన ప్రేమ, మూడో దాంట్లో సువార్త ప్రకటించేవాళ్ల గురించి. ఏర్పాటు అంటే ఏమిటో ఏడో అంశంలో గానీ చెప్పదు.

కాబట్టి ఎనిమిది వారాలు అడుగు. మొదటి రెండు వారాలూ ఎఫెసీ 2:1–10 దాటి వెళ్లకు. చచ్చినవాళ్లం, దేవుడు బ్రదికించాడు, ఇది ఆయన వరం: ఈ మూడూ ఇంకితే తర్వాతివన్నీ వాటంతట అవే తెరుచుకుంటాయి. సంపూర్ణ భ్రష్టత్వం అంటే ప్రతివాడూ పరమ దుర్మార్గుడని కాదు, బుద్ధి, కోరిక, చిత్తం ఏదీ పాపం తాకకుండా మిగల్లేదని అర్థమని అక్కడే చెప్పెయ్యి. మూడో వారం క్రీస్తు మరణం, నాలుగో వారం యోహాను 6:35–45తో పిలుపు, ఐదో వారం రోమా 8:28–39. ఏర్పాటు ఆరో వారానికి, రోమా తొమ్మిది ఏడో వారానికి, కడవరకూ నిలబడటం ఎనిమిదో వారానికి ఉంచు.

నాలుగో వారంలో ఒక జాగ్రత్త. మన డెల్టాలో ప్రసంగీకులందరికీ నోటికొచ్చే ఉదాహరణ ఒకటుంది: ధవళేశ్వరం నుంచి కాలువ నిండా నీళ్లొస్తున్నాయి, నీ చేను తూము తలుపు నువ్వే ఎత్తుకోవాలి, కృప కూడా అంతే అని. వినడానికి బాగుంటుంది, కానీ అర్మీనియస్ పక్షం చెప్పింది సరిగ్గా అదే. నువ్వు చెప్పబోయే బోధలో ఆ తలుపెత్తే మనసును కూడా దేవుడే ఇస్తాడు. ఆ ఉదాహరణ వాడితే నలభై నిమిషాలు చెప్పిందంతా ఒక్క నిమిషంలో కొట్టుకుపోతుంది. చచ్చినవాణ్ని ప్రభువు పిలుపే లేపిన లాజరు సమాధి దగ్గరికి తీసుకెళ్లు. అలాగని మనిషి రాయీ రప్పా కాదు. కృప చిత్తాన్ని బలవంతంగా ఈడ్వదు, బాగుచేస్తుంది, అప్పుడు మనిషి ఇష్టంగానే వస్తాడు. డార్ట్ 3–4 అధ్యాయాల పదహారో అంశంలో ఈ మాట స్పష్టంగా ఉంది.

ఇక నా గుండెదడకు అసలు కారణం చెబుతాను. ఈ బోధ పట్టుకున్నవాళ్లు పూర్వం ఒక పెద్ద తప్పు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని కొన్ని బాప్టిస్టు సంఘాలు ఏర్పాటును ఇంటి గుమ్మంలోనే పెట్టాయి. ఏర్పరచబడినవాళ్లే వస్తారు, మరి అందరినీ రమ్మనడం ఎలా అనుకున్నారు బోధకులు. పాపులతో నేరుగా మాట్లాడటం మానేశారు. అలాంటి సంఘంలోనే, సోహమ్ అనే ఊళ్లో, ఆండ్రూ ఫుల్లర్ అనే కుర్రవాడు పెరిగాడు. పాపభారంతో నలిగిపోతున్నాడు, క్రీస్తు తప్ప దిక్కు లేదని తెలుసు, కానీ తన దగ్గరికి రావచ్చని దేవుడు ఏదో గుర్తు చూపించాలనీ అది తనకు లేదనీ ఆగిపోయాడు. 1769లో, పదిహేనేళ్ల వయసులో, పిలుపు లేకుండానే రాజు ముందుకు నడిచిన ఎస్తేరును తలచుకుని, నశిస్తే నశిస్తానని తెగించి ప్రభువు దగ్గరికి వెళ్లాడు. వెళ్లాక తెలిసింది, తెగించాల్సిన అవసరమే లేదని. రమ్మని ప్రభువు ముందే అందరినీ పిలిచి ఉన్నాడు!

ఆ ఫుల్లరే 1785లో, సువార్త విన్న ప్రతివాడూ క్రీస్తును నమ్మవలసిందేనని పుస్తకం అచ్చువేశాడు. ఏర్పాటును ఆయన ఎన్నడూ వదల్లేదు. 1792 అక్టోబరు 2న కెట్టరింగులో మిషనరీ సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకడు, చనిపోయేదాకా దాని కార్యదర్శి. ఆ సంఘమే 1793లో విలియం కేరీని మన దేశానికి పంపింది, 1818లో సీరాంపూర్ అచ్చుకూటం నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఏర్పాటును నమ్మినవాడికి సువార్త పని ఎందుకని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు. కొరింథులో ప్రభువు పౌలుతో ఈ పట్టణంలో నాకు బహు జనమున్నది అన్నాడు, అందుకే పౌలు అక్కడ ఏడాదిన్నర ఉండి బోధించాడు.

నీ కూడికలోనూ ఒక చీటీ తప్పకుండా వస్తుంది: "నేను ఏర్పాటులో ఉన్నానో లేదో ఎలా తెలుస్తుంది?" అది రాసింది వాదించడానికి వచ్చిన కుర్రాడు కాదు, రాత్రిళ్లు నిద్రపట్టని పిల్ల. ఆ పిల్లను తనలోకి తాను తవ్వుకోమని పంపావంటే నిన్ను క్షమించను. మన ఏర్పాటును చూసుకునే అద్దం క్రీస్తేనని కాల్విన్ రాశాడు. "ఆ సంగతి దేవునికి వదిలెయ్యమ్మా, నా దగ్గరికి వచ్చేవాణ్ని త్రోసివేయనన్న మాట క్రీస్తు నీకే చెబుతున్నాడు, వస్తావా?" అని అడుగు. విశ్వాసం బలంగా లేదని ఏడిస్తే, డార్ట్ మొదటి అధ్యాయం పదహారో అంశం చదివి వినిపించు. అలాంటివాళ్లు బెదరొద్దు, వాక్యమూ ప్రార్థనా మానొద్దు, దేవుడు ఆ నలిగిన రెల్లును విరవడు అని ఉంది. అది రాసినవాళ్లు చేతులెత్తి దణ్ణం పెట్టదగ్గవాళ్లు.

ఇంకో చీటీ: "అన్నీ ముందే నిర్ణయమైతే ఇంక మనం చేసేదేముంది? తలరాతే కదా?" మనవాళ్లకు ఈ అనుమానం రక్తంలో ఉంది. దీనికి అపొస్తలుల కార్యములు 27 చాలు. తుపానులో ఓడ, అందులో 276 మంది. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత చెప్పాడు, పౌలు నమ్మాడు. అయినా నావికులు పడవ దించి పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉంటేనే గానీ మీరు బతకరన్నాడు. సైనికులు తాళ్లు కోసేశారు. దేవుడు గమ్యంతో పాటు దారినీ నిర్ణయిస్తాడు. సముద్రం మీదికెళ్లే ఇళ్ల పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది.

పరిమిత ప్రాయశ్చిత్తం, అంటే క్రీస్తు ఏర్పరచబడినవాళ్ల కోసమే చనిపోయాడన్న అంశం, దగ్గర గొడవ ఖాయం. ముందు డార్ట్ రెండో అధ్యాయం మూడో అంశం చదువు: క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకు సరిపోయేంత విలువైనది. ఆ తర్వాతే, గొర్రెల కోసం ప్రాణం పెట్టాడన్న యోహాను 10కి రా. ఆయన మన పాపాలకే కాదు, లోకమంతటికీ శాంతికరమన్న 1 యోహాను 2:2 ఎవరో ఒకరు చదువుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకో. నేను ఈ బోధను నమ్ముతాను, అయినా దీన్ని బట్టి ఎవరినీ సహవాసంలోంచి దూరం చెయ్యను. రాజమండ్రి లూథరన్లు క్రీస్తు అందరికోసం చనిపోయాడనే ఒప్పుకుంటారు. 1836లో మన దేశానికొచ్చి నర్సాపురం చేరిన మిషనరీలు బౌడెన్, బీర్ల నాటి బ్రదరన్ కూటాల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు ప్రసంగీకులు వైట్‌ఫీల్డ్, వెస్లీ ఈ విషయం మీదే విడిపోయారు, కానీ 1770లో వైట్‌ఫీల్డ్ పోతే స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే.

చివరి వారం, ఒకసారి చేతులెత్తితే ఎలా బతికినా పరలోకమే అన్నట్టు ఎవరికీ వినపడనియ్యకు. బాప్తిస్మం తీసుకుని మళ్లీ తాగుడులో పడ్డవాళ్ల భార్యలు నీ ఎదురుగానే కూర్చుంటారు. దావీదు, పేతురు ఘోరంగా పడ్డారని డార్ట్ దాచలేదు. దేవుడు తనవాళ్లను ఏడిపించి, పశ్చాత్తాపంలోకి తెచ్చి నిలబెడతాడని చెప్పింది. తప్పిపోయినవాళ్ల గురించి హెచ్చరించే హెబ్రీ 6:4–6 ముందే చదువుకుని వెళ్లు.

చనిపోయిన ఫలానా వాళ్లు ఏర్పాటులో ఉన్నారా అని అడిగితే పేర్ల మీద జవాబు చెప్పకు. 1996 తుపానులో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఇప్పటికీ కోనసీమలో ఉన్నాయి. సిలోయము గోపురం కూలి పోయిన పద్దెనిమిది మంది గురించి, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులు కారని ప్రభువు చెప్పిందే చెప్పి, ఆ ఇంటికెళ్లి కూర్చో.

రోమా తొమ్మిది చెప్పే వారం ముందు నీ నోట్సు నాకు పంపించు. కుమ్మరి, మన్ను దగ్గర మొదలుపెట్టొద్దు. మొదటి మూడు వచనాలు చదువు: తన జనం కోసం తాను శాపగ్రస్తుణ్ని కావడానికైనా సిద్ధమంటున్నాడు పౌలు. ఆ సాయంత్రమే 10:1 కూడా చదివి, వాళ్ల రక్షణ కోసం ఆయన చేసిన ప్రార్థన చూపించు. ఆ రోజు నీ గొంతులో గెలిచిన ఉత్సాహం తప్ప ఆ దుఃఖం లేదనిపిస్తే, పాఠం వచ్చే వారానికి వాయిదా వెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య