జన్యు వైద్యంలో డేటాకు ఉమ్మడి ప్రమాణాలు ఎందుకు?
ఒక ల్యాబ్ ఇచ్చిన జన్యు రిపోర్టు ఇంకో దేశంలోని డాక్టరుకూ తేడా రాకుండా అర్థం కావాలంటే ఉమ్మడి ప్రమాణాలు తప్పవు. అరుదైన జబ్బుల్లో ఒకే జన్యు మార్పు ఉన్న రోగులు ఒక్కోచోట ఒకరో ఇద్దరో ఉంటారు; రికార్డులు పోల్చితేనే ఆ మార్పు హానికరమో కాదో తేలుతుంది.

రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన బీఆర్‌సీఏ1 జన్యువునే చూడండి. 17వ క్రోమోజోమ్‌పై దాని ఒక చివర జీఆర్‌సీహెచ్37 రిఫరెన్స్‌లో (అంటే పోల్చి చూడటానికి వాడే మనిషి డీఎన్ఏ ప్రామాణిక పటంలో) 4,11,96,312వ స్థానం దగ్గర, 2013లో వచ్చిన కొత్త వెర్షన్ జీఆర్‌సీహెచ్38లో 4,30,44,295 దగ్గర ఉంటుంది. జన్యువు కదల్లేదు, కొలబద్ద మారింది. ఏ వెర్షనో రాయకపోతే ఆ అంకె ఉండీ లేనట్టే.

ఉమ్మడి ప్రమాణం అనగానే అందరి డేటా ఒకేచోట కుప్పపోస్తారని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. జన్యు డేటా పంచుకోవడానికి ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ కూటమి జీఏ4జీహెచ్ తెచ్చిన బీకన్ పద్ధతిలో ‘ఈ మార్పు మీ దగ్గర ఉందా?’ అనే ప్రశ్న మాత్రమే వెళ్తుంది. రికార్డులు ఉన్నచోటే ఉంటాయి.