ఆరు నెలల ఎముకల ఇంజెక్షన్ మధ్యలో ఆపేయొచ్చా?

మీ అమ్మ డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) రిపోర్ట్ మెరుగ్గా వచ్చింది, ఎముకలు గుల్లబారకుండా ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇక ఆపేయొచ్చా, అసలు అది ఎముకలో ఏం చేస్తుంది అని అడిగారు. డాక్టరుతో మాట్లాడకుండా దయచేసి ఆపకండి. మా అమ్మకూ ఇక్కడ హైదరాబాద్‌లోనే ఇదే వేయిస్తున్నాం, కాబట్టి తెలిసింది చెబుతాను.

ఎముకను అరగదీసే కణాలను ఆస్టియోక్లాస్ట్‌లు అంటారు. రక్తకణాల జాతికి చెందిన చిన్న కణాలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఈ పెద్ద కణం తయారవుతుంది. ఆ చిన్న కణాల పైపొర మీద ర్యాంక్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఎముకలోని ఇతర కణాలు తయారుచేసే ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ వచ్చి దానికి అతుక్కుంటేనే ఈ కలిసే పని మొదలవుతుంది. తర్వాత ఇంటెగ్రిన్ అనే ఇంకో పొర ప్రొటీన్ సాయంతో కణం ఎముకను గట్టిగా పట్టుకుని, కింద చిన్న గదిలాంటి చోటును మూసేస్తుంది. అక్కడి పొరలోని ప్రోటాన్ పంపు, దాని పక్కనే ఉండే క్లోరైడ్ ప్రొటీన్ కలిసి ఆ గదిలోకి యాసిడ్ నింపుతాయి. ఖనిజం కరుగుతుంది, మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను కెథెప్సిన్ కె అనే ఎంజైమ్ తెంపుతుంది. ఇదంతా చెడ్డ పనేమీ కాదు. ఆ పంపు పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు ఎముకలు మరీ చిక్కగా ఉండి కూడా పెళుసుగా విరిగిపోతాయి.

ర్యాంక్‌ఎల్‌ను మధ్యలోనే పట్టేసే ఓపీజీ అనే ప్రొటీన్‌ను మన శరీరమే తయారుచేస్తుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ పడిపోవడంతో ర్యాంక్‌ఎల్‌దే పైచేయి అవుతుంది. 2010లో అమెరికాలో అనుమతి పొందిన డెనోసుమాబ్ కూడా ఓపీజీలాగే ర్యాంక్‌ఎల్‌ను పట్టుకుంటుంది.

చిక్కల్లా ఇక్కడే. ఈ మందు జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మరో ఎముకల మందులా ఎముకలో నిలవ ఉండదు. ప్రభావం తగ్గగానే అన్నాళ్లూ ఆగి ఉన్న కణాలు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. 2021లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఆస్టియోక్లాస్ట్‌లు చిన్న కణాలుగా విడిపోయి, మళ్లీ కలవగలవని తేలింది. ఆపేసిన కొందరికి రెండు మూడు వెన్నుపూసలు విరగడం అందుకే. రిపోర్ట్ బాగుండటం మందు పనిచేస్తోందనడానికి గుర్తు, ఆపడానికి కారణం కాదు.

ఇంజెక్షన్ వేయించాల్సిన తేదీ దాటి నెలకు మించి ఆలస్యం వద్దని మా డాక్టరు అన్నారు. ఊళ్లో పెళ్లి పడితే ఇంజెక్షన్ వేయించాకే బయల్దేరాం. ఎండాకాలంలో మందుల షాపు నుంచి ఐస్ ప్యాక్ పెట్టించుకుని తెచ్చుకోండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంజెక్షన్‌కు ముందు రక్తంలో కాల్షియం పరీక్ష చేయించండి, పన్ను తీయించాల్సి వస్తే ఈ మందు సంగతి డెంటిస్టుకు చెప్పండి. నిజంగా ఆపాలనుకుంటే బదులుగా ఏ మందు, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు దగ్గర రాయించుకోండి.