మళ్లీ నేరం చేసే 'అవకాశమా', 'ప్రమాదమా'?

సందేహం: మాది గాజువాక, సైకాలజీ చదువుతున్నాను. క్లాసులో ఇచ్చిన ఊహా కేసుకి రిపోర్టు తెలుగులో రాస్తూ "ఇతను మళ్లీ లైంగిక నేరం చేసే అవకాశం 20 శాతం, తప్పు ఒప్పుకోలేదు కాబట్టి ఇంకా ఎక్కువ" అని రాశాను. మా సార్ అవకాశం కొట్టేసి ప్రమాదం అని దిద్దారు. ఏది కరెక్టండీ?

సమాధానం: అవకాశం తప్పేం కాదమ్మా, వాన పడే అవకాశం అని రోజూ వింటూనే ఉంటాం, కాకపోతే ఆ మాట వినగానే ఉద్యోగమో సీటో ఏదో మంచిదే గుర్తొస్తుంది, నేరం పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆ కాగితం బాధితురాలి ఇంట్లోవాళ్లు చదివితే మరీను. ప్రమాదం అంటే ముందు యాక్సిడెంటే తడుతుంది. నన్నడిగితే ముప్పు అని రాయండి. తుపాను ముప్పు అంటే వైజాగ్‌లో చిన్నపిల్లలకీ తెలుసు, వచ్చేది కీడే, కానీ వస్తుందో రాదో ఇంకా తేలలేదు అని.

ఆ వాక్యంలో అసలు ఇబ్బంది మాత్రం "ఇతను" దగ్గరుంది. లైంగిక నేరం చేసినవాళ్లలో మళ్లీ చేసే ముప్పుని కొలిచే స్టాటిక్-99 అనే స్కేలు చదివే ఉంటారు, 1999లో కార్ల్ హాన్సన్, డేవిడ్ థార్న్‌టన్ తయారుచేసింది, విడుదలయ్యేటప్పటి వయసు, పాత కేసులు, బాధితులు తెలిసినవాళ్లా ముక్కూమొహం తెలియనివాళ్లా, ఇలాంటివి 10 అంశాలు చూసి మార్కులేస్తారు. ఆ మార్కులు చెప్పేది గుంపు సంగతి, అలాంటి స్కోరు వచ్చినవాళ్లలో నూటికి ఎంతమంది మళ్లీ దొరికారు అని, అంతే. ఆ నూరుమందిలో మన ముందున్నవాడు ఎటువైపో స్కేలు చెప్పదు. పైగా అవి వేరే దేశాల ఖైదీల లెక్కలు, అడవివరం జైల్లో ఉన్నవాళ్లకి ఉన్నదున్నట్టు అంటగట్టలేం.

"నేరం చేసే" కూడా సరిచేయాలి. ఇలాంటి లెక్కల్లోకి ఎక్కేది మళ్లీ అరెస్టయినవాళ్లో శిక్షపడినవాళ్లో, కంప్లైంటే ఇవ్వనివి ఎన్నున్నా అందులో కనపడవు, అందుకే పట్టుబడ్డారు అనాలి. హాన్సన్, బుసియేర్ 1998లో 61 స్టడీలు కలిపి చూస్తే నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో దొరికినవాళ్లు సగటున 13.4 శాతం. ఇలాంటోడు ఎప్పటికీ మారడు అని రాసేవాళ్లు ఈ అంకెని చూడరు, ఇంతేనా అని తేలిగ్గా తీసేసేవాళ్లు అది పట్టుబడ్డవాళ్ల లెక్క మాత్రమే అని చూడరు, రెండూ నాకు బాధగానే ఉంటాయి.

ఇక ఆ "కాబట్టి". తప్పు ఒప్పుకోనివాడు మళ్లీ చేస్తాడనేది మనకి సహజంగా అనిపించేదే గానీ అదే పరిశీలనలో ఒప్పుకోకపోవడానికీ మళ్లీ దొరకడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. ఆధారం లేనిచోట కాబట్టి పెట్టకూడదు, ఆ ముక్క మొత్తం తీసేయండి.

నేనైతే ఇలా రాస్తాను: "ఈ స్కోరు వచ్చినవాళ్లలో నూటికి 20 మంది అయిదేళ్లలో మళ్లీ లైంగిక నేరం కేసులో పట్టుబడ్డారు, ఇతని స్కోరూ అదే." వాక్యం కొంచెం పొడుగైంది, పర్లేదు. ఎన్నేళ్లలో అనేది మాత్రం మీ కేసు షీట్‌లో ఏముంటే అది తప్పకుండా వేయండి.