తెల్లపొడికి పేరు పెట్టే ముందు

సౌమ్యా,

భువనేశ్వర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం తల్లీ. మన కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి వైపు నుంచి నీ టేబుల్ మీదికి వచ్చేది ఎక్కువగా గంజాయే. మైక్రోస్కోప్‌లో వంకర తిరిగిన రోమాలు కనబడతాయి, గంజాయికి చేసే డుక్వెనోయిస్ రంగు పరీక్షలో ఊదారంగు క్లోరోఫామ్‌లోకి దిగుతుంది, పనైపోయినట్టే. ఆ అలవాటే తెల్లపొడి వచ్చిన రోజు కొంప ముంచుతుంది.

ఎండీ, అదే ఉత్తేజం కలిగించే మత్తుమందు మెఫెడ్రోన్ సంగతి తీసుకో. రంగు చూపే మార్క్విస్ ద్రావణం చుక్క వేస్తే మార్ఫిన్‌కి ఊదారంగు, మెథాంఫెటమిన్‌కి నారింజ కలిసిన గోధుమరంగు వస్తాయి. మెఫెడ్రోన్‌కి దాదాపు ఏ రంగూ రాదు. కొత్తవాళ్లు అది చూసి మత్తుమందు లేదని రాసేయబోతారు. రంగు పరీక్ష ఉన్నది, ఆ తర్వాత ఎటు వెళ్లాలో తెలుసుకోడానికే.

పదార్థాలను విడదీసి, వాటి అణువుల ముక్కల బరువు చూపే జీసీ-ఎంఎస్ యంత్రంలో ఇంకో తిరకాసు. మెఫెడ్రోన్‌కి 58 దగ్గర పెద్ద పీక్ వస్తుంది, మెథాంఫెటమిన్‌కీ అక్కడే. పైగా మెఫెడ్రోన్ అణువులో మిథైల్ గుంపు రింగు మీద 2, 3, 4 స్థానాల్లో ఎక్కడున్నా మాస్ స్పెక్ట్రమ్, అంటే ఆ బరువుల పటం, ఇంచుమించు ఒకటే. కంప్యూటర్ లైబ్రరీ మాత్రం పెళ్లిళ్ల పేరయ్యలా ధీమాగా ఒక పేరు చెప్పేస్తుంది. నువ్వు రిఫరెన్స్ స్టాండర్డ్‌ని, అంటే ఏదో కచ్చితంగా తెలిసిన నమూనాని, అదే కాలమ్‌లో నడిపి, రెండూ బయటికొచ్చే టైమ్ కలిసిందో లేదో చూడు. ఆ తర్వాత ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతి పరీక్ష) తీయి, ఐసోమర్ల (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న పదార్థాల) తేడా అక్కడ తెలుస్తుంది. పొడిలో కల్తీ ఉంటే ముందు దాన్ని వేరు చేసుకోవాలి. మెషిన్లో పాత మందు మిగల్లేదని చూపడానికి, శాంపిల్‌కి ముందు ఉత్త సాల్వెంట్ (కరిగించే ద్రవం) నడిపి, ఆ కాగితం కూడా ఫైల్లో పెట్టు. మన బరంపురం లాయర్లు దాన్ని అడగకుండా వదలరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియాగా పెరిగినదానివి కదా, ఐసోమర్ అంటే ఏమిటో ఒడియాలో చెప్పడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

ఇంత పట్టుదల ఎందుకంటావా? మెఫెడ్రోన్‌ని 2015లో మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం జాబితాలో చేర్చారు. 50 గ్రాములు దాటితే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపారం కింద లెక్కించే మోతాదు), కనీసం పదేళ్ల జైలు. పేరులో ఆ 2, 3, 4 అంకె మారితే పదార్థమే వేరు. స్టాండర్డ్ లేకపోతే, మిథైల్‌మెత్‌కాథినోనే (మెఫెడ్రోన్‌కీ దాని ఐసోమర్లకీ కలిపి పేరు) గానీ ఏ ఐసోమరో ఈ పరీక్షల్లో తేలలేదని రాసెయ్. ఐఓ (దర్యాప్తు అధికారి) మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ. అదే చట్టం కింద వచ్చిన 2022 నిబంధనల ప్రకారం రిపోర్టు 15 రోజుల్లో వెళ్లాలని టెన్షన్ పడకు. పదార్థం ఏదో ముందు చెప్పి, ఎంత శాతం ఉందో తర్వాతి 15 రోజుల్లో పంపే వీలుంది.

మందు నింపిన బొమ్మల కాగితం ముక్కలన్నీ ఎల్ఎస్‌డీ (భ్రమలు కలిగించే మందు) కావు. ఎర్లిచ్ రంగు పరీక్షకి ఊదారంగు రాకపోతే ఎన్‌బోమ్ అనే మరో భ్రమల మందు ఉందేమో, జీసీ-ఎంఎస్‌లో 121 దగ్గర పీక్ చూడు. ఎండుటాకులో గంజాయి రోమాలు లేకపోయినా పక్కన పెట్టేయకు, సింథటిక్ కానబినాయిడ్ (గంజాయిలా పనిచేసే కృత్రిమ మందు) చల్లి ఉండొచ్చు. చల్లిన మందు ఆకుకి సమానంగా పట్టదు. కవరు అడుగున చేరిన దుమ్ము కూడా దులిపి, బాగా కలిపాకే శాంపిల్ తీయి.

నైటజీన్ల లాంటి నల్లమందు తరహా కొత్త మందుల్లో కొన్ని, ఫెంటనిల్ అనే బాగా ఘాటైన మందు కన్నా ఘాటు. పొట్లం ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే గూడులో) విప్పు. వాసన చూసే పాత అలవాటు మా తరంతోనే పోనీ. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కొత్త పొట్లం ముట్టుకోకు. నాలోక్సోన్ (ఇలాంటి మందులకు విరుగుడు) ఏ బీరువాలో ఉందో ఈ వారంలోనే కనుక్కో. లేదంటే తెప్పించమని కాగితం పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న,
బరంపురం