కాలు జారితే తప్పు ఎవరిది?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి వెళ్తున్నాను. నేలంతా నీళ్లూ ఐసూ. పోయిన నెల ట్రే మోసుకెళ్తూ జారిపడితే మోచెయ్యి దెబ్బతిని వారం పని పోయింది. సూపర్‌వైజరు "చూసుకుని నడవద్దా" అన్నాడు. ఇక వేళ్లకి ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేదే. మేం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక సోదరి, ఉండి మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ సూపర్‌వైజరు మాట సంగతి చూద్దాం. రెండు చేతులా ట్రే పట్టుకున్న మనిషికి తన పాదాలే కనబడవు, ఇంక నేలేం చూస్తుంది? నేను చూసిన షెడ్లలో జారిపడే చోటు దాదాపు ఒకటే, డ్రైన్ జల్లెడ పక్కన. తలలూ పొట్టూ జల్లెడకి అడ్డం పడి నీళ్లు వెనక్కి తన్నుతాయి, ఆ నీళ్లతో వచ్చిన జిగురు నేలమీద పరుచుకుంటుంది, దానిమీద ఎవరు నడిచినా జారాల్సిందే. గంటకోసారి జల్లెడ ఎత్తి శుభ్రం చేసే మనిషిని పెట్టమని నలుగురూ కలిసి అడగండి, ఒక్కరే అడిగితే గొడవపడుతోందంటారు. ట్రేలు చేతుల మీద కాకుండా చక్రాల బండి మీద వెళ్లాలి. ఈ రోజే మీ గమ్‌బూటు తిరగేసి చూడండి, మడమ కింద గీతలు అరిగి నున్నగా అయిపోతే అది మార్చాల్సిన బూటు, కొనివ్వాల్సింది యాజమాన్యమే.

ముల్లు చిన్న విషయం కాదు. ఒకావిడ చూపుడు వేలికి రొయ్య తలమీద రంపంలా ఉండే ముల్లు దిగితే పసుపు అద్ది మళ్లీ పనిలో కూర్చుంది, మూడో రోజుకి వేలు వంకాయలా నల్లబడి అరచెయ్యి కూడా వాచిపోయింది. అప్పుడు చూసిన ఆ చెయ్యి నాకింకా కళ్లముందే ఉంది. గుచ్చుకోగానే కుళాయి కింద సబ్బుతో బాగా కడగాలి (క్లోరిన్ తొట్టిలో ముంచడం కడగడం కాదు), చిరిగిన గ్లౌజు అప్పుడే మార్చాలి, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకి చెప్పాలి. ఎర్రగా వాచినా, సలుపుతున్నా, జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగకండి, షుగరున్నవాళ్లయితే మరీను.

పోయిన ఆ వారం కూలి గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నా. జీతం నెలకి 21,000 దాటని కార్మికులకి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటుంది, కాంట్రాక్టు మీద పనిచేసినా సరే. పనిలో తగిలిన దెబ్బతో డ్యూటీకి వెళ్లలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది, ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. అందుకే దెబ్బ తగిలిన రోజే ప్రమాదాల రిజిస్టరులో రాయించండి.

ప్రశ్న: మా తమ్ముడూ మరదలూ ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టుమీద పాక వేసుకుని కాపలా ఉంటున్నారు. ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే చక్రాల మోటారు) దగ్గర నీళ్లలో దిగితే జివ్వుమంటోందట. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) ఉంది, భయం లేదని చెరువు ఆయన అంటున్నారు.
– ఓ అన్న

జవాబు: జివ్వుమంటోందంటే ఈ పూటే ఫోన్ చేసి నీళ్లలో దిగొద్దని చెప్పండి. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని చూడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు లాగితేనే పడుతుంది, గుండె ఆగడానికి మాత్రం ఆంపియరులో పదో వంతు చాలు. ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ, అది 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా రెప్పపాటులో కట్టేస్తుంది. మాటిమాటికీ పడిపోతోందని కొందరు దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు, కానీ అది పడుతోందంటే ఎక్కడో మోటారులోకి నీళ్లు దిగాయనో, టేపు చుట్టిన జాయింటు నానిపోయిందనో అర్థం. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి.

నాచు చుట్టుకుందని చక్రం మీద చెయ్యి వేసే ముందు మెయిన్ ఆపి, ఫీజు పీకి జేబులో వేసుకోవాలి, లేకపోతే తెలియనివాళ్లు వచ్చి స్విచ్చి వేసేస్తారు. ఎవరైనా నీళ్లలో కొట్టుకుంటుంటే వెంటనే దూకొద్దు, ముందు కరెంటు తీసేయాలి. పైకి లాగాక ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఆ మెయిన్ ఎక్కడుందో, ఎలా తీయాలో మీ మరదలికి కూడా చూపించమనండి, రాత్రిపూట గట్టుమీద వాళ్లిద్దరే కదా ఉండేది.